ఏటికి అడ్డం పడ్డ రంపం

"అడవి ఊరికే పడి ఉంది. ఏరు ఊరికే పారుతోంది. ఇంగ్లీషువాళ్లు వచ్చి ఏటికి చక్రం కట్టారు, అడవిని పలకలుగా కోశారు, దేశాన్ని నిర్మించారు."

అమెరికా పుట్టుక గురించి చెప్పే పుస్తకాల్లో ఈ మూడు వాక్యాలు ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి. పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలు వాటిని అలాగే బట్టీ పడతారు. చెప్పే మాస్టారు కూడా పెద్దగా ఆగి ఆలోచించడు. నీటితో తిరిగే రంపపు మిల్లు, అదొక మంచి యంత్రం, అదొక ప్రగతి, పాఠం అయిపోయింది.

మా పేచీ ఆ యంత్రంతో కాదు. "ఊరికే" అన్న మాటతో. ఆ ఒక్క మాట మీదే ఖండాలు చేతులు మారాయి. ఆ మాటను మనమూ విన్నాం. మన కొండలను బంజరన్నారు, మన పోడును అడవి పాడుచేయడమన్నారు, మన వాగుల్లో నీళ్లు సముద్రంలోకి వృథాగా పోతున్నాయన్నారు. అందుకే ఎక్కడో ఉత్తర అమెరికా ఈశాన్య తీరంలో నాలుగు వందల ఏళ్ల కింద కట్టిన మిల్లుల కథ మనకు పరాయి కథ కాదు. ఆ కథను మిల్లు వైపు నుంచి కాకుండా ఏటి వైపు నుంచి చెప్పడమే ఈ వ్యాసం పని.

ఊరికే పడి ఉన్నది ఏది?

ఈనాటి మెయిన్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల నేల అబెనకి, పెనాబ్‌స్కాట్, పాసమక్వాడీ మొదలైన జాతులది. వాళ్లందరినీ కలిపి వబనాకి అంటారు. అంటే తెల్లవారే దిక్కు మనుషులు. 1605లో ఫ్రెంచి నావికుడు షాంప్లేన్ సాకో నది సముద్రంలో కలిసే చోట దిగినప్పుడు అతనికి కనిపించింది ఖాళీ అడవి కాదు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసిన చేలు కనిపించాయి. మన కొండ చేలల్లో జొన్న, కంది, చిక్కుడు ఒకే చోట కలిసి పెరగడం చూసినవాళ్లకు ఆ చేను అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

అదే రాష్ట్రంలో సెబాస్టికుక్ అనే సరస్సు అడుగున పురావస్తు శాస్త్రజ్ఞులకు వరుసగా పాతిన కర్రలు దొరికాయి. అవి చేపల కోసం నీటికి అడ్డం పాతిన దడి కర్రలు. వాటిలో పాతవాటి వయసు 5000 ఏళ్ల పైమాటే. కర్రలు పాతి, తడికలు కట్టి, చేపలు ఎక్కే రుతువులో కావలసినవి పట్టుకుని తక్కినవాటిని పోనిచ్చే పద్ధతి అది. నదిని వాడుకోవడం వాళ్లకు తెలియక కాదు. ఐదు వేల ఏళ్లు వాడుకున్నా ఆ నదిలో చేప అయిపోలేదు. అదీ తెలివంటే.

మరి ఇంగ్లీషువాళ్లు వచ్చేసరికి కొన్ని తీరాలు నిజంగానే ఖాళీగా కనిపించాయి కదా అంటారు. కనిపించాయి. ఎందుకంటే 1616 నుంచి 1619 మధ్య ఓడల వెంట వచ్చిన జబ్బులు ఆ తీరంలో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టాయి. చావు ఖాళీ చేసిన నేలను దేవుడు ఇచ్చిన ఖాళీ నేల అన్నారు. మాసచూసెట్స్ గవర్నరుగా వచ్చిన జాన్ విన్‌త్రాప్ 1629లోనే వాదన తయారు చేసుకున్నాడు. ఈ జనం నేలకు కంచె వేయలేదు, పశువులు మేపి బాగుచేయలేదు, కాబట్టి వాళ్లకు దాని మీద పూర్తి హక్కు లేదు అన్నది దాని సారాంశం. కంచె లేకపోతే హక్కు లేదు! పట్టా లేకపోతే భూమి లేదు అనే మాట మన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది కదా. ఆ మాటకు ముత్తాత విన్‌త్రాప్ వాదనే.

ఇంగ్లండులో వద్దు, ఇక్కడ ముద్దు

ఇప్పుడు మిల్లు సంగతి. నీటి రంపం ఇంగ్లీషువాళ్ల కనిపెట్టుబడి కాదు. జర్మనీలో, నార్వేలో అది ఎప్పటినుంచో తిరుగుతోంది. వర్జీనియా కంపెనీ 1620 ప్రాంతంలో రంపపు మిల్లులు కట్టడానికి హాంబర్గ్ నుంచి పనివాళ్లను పిలిపించుకోవలసి వచ్చింది. ఇంగ్లండులో అప్పటికి కోత అంతా చేతి కోతే. గుంత తవ్వి, దుంగను పైన అడ్డంగా పెట్టి, ఒకడు దుంగ మీద నిలబడి, ఇంకొకడు గుంతలో నిలబడి పొడవాటి రంపాన్ని పైకీ కిందికీ లాగాలి. కిందివాడి కళ్లల్లో రోజంతా పొట్టు. మన దగ్గర కూడా మిల్లులు రాకముందు దూలాలూ పలకలూ అలాగే కోసేవాళ్లు.

నీటి మిల్లులో ఆ ఇద్దరి పనినీ ఏరు చేస్తుంది. ఏటికి అడ్డంగా ఆనకట్ట వేసి నీటిని ఎత్తున నిలబెడతారు. చెక్క కాలువ గుండా ఆ నీరు చక్రం మీద పడుతుంది. చక్రం ఇరుసు కొసన వంచిన ఇనుప కమ్మీ ఉంటుంది. ఇరుసు తిరిగిన కొద్దీ ఆ వంపు ఒక నిలువు చెక్క చట్రాన్ని పైకి లేపి కిందికి దించుతుంది. చట్రంలో బిగించి ఉన్న రంపం కిందికి దిగినప్పుడల్లా దుంగను కోస్తుంది. పక్కన ఒక పళ్ల చక్రం ప్రతి కోతకూ దుంగను కాస్త ముందుకు జరుపుతుంది. ఒక మనిషి, ఒక కుర్రాడు చూసుకుంటే చాలు. గుంత రంపం మీద ఇద్దరు కోసేదానికి ఎన్నో రెట్లు పలకలు సాయంత్రానికి పేరుస్తారు. వరద కాలంలో రాత్రీ పగలూ నడుస్తుంది.

మంచి యంత్రమే. మరి ఇంగ్లండు దీన్ని తన దేశంలో ఎందుకు పెట్టుకోలేదు? పెట్టనివ్వలేదు. కోత కూలీలు తమ నోటికాడ కూడు పోతుందని అడ్డుకున్నారు. 1663లో లండన్ దగ్గర ఒక డచ్చివాడు కట్టిన మిల్లును జనం వ్యతిరేకతకు భయపడి వదిలేశాడు. వందేళ్ల తర్వాత కూడా, 1768లో, లండన్ లైమ్‌హౌస్‌లో డింగ్లీ అనే వ్యాపారి కట్టిన రంపపు మిల్లును కోత కూలీలు గుంపుగా వెళ్లి పాడుచేశారు. అది నీటిది కూడా కాదు, గాలి మిల్లు.

ఇక్కడ మన యువకులు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. యంత్రాన్ని అడ్డుకునేవాళ్లు ఆదివాసులు, అనాగరికులు అని మనకు చెబుతారు. చూడండి, లండన్‌లో తెల్లవాళ్లే యంత్రాన్ని పగలగొట్టారు. వాళ్లను చరిత్ర "తమ బతుకు కోసం పోరాడిన కూలీలు" అంటుంది. తమ నది కోసం ఆనకట్టను ఎదిరించిన వబనాకి మనిషిని మాత్రం "దాడి చేసిన అడవి మనిషి" అంటుంది. పని ఒక్కటే, పేరు రెండు.

ఇంగ్లండులో అడవి తక్కువ, కూలీలు ఎక్కువ. అమెరికా తీరంలో అడవి ఎక్కువ, కూలీలు తక్కువ. మిల్లు అక్కడ నిలవడానికి ఇది కారణమని ఆర్థిక చరిత్రకారులు చెబుతారు. నిజమే, కాదనం. కానీ ఇంకో కారణం వాళ్లు చెప్పరు. ఇంగ్లండులో ఏటికి అడ్డం కట్టాలంటే దిగువవాడిని అడగాలి, ఎగువవాడిని అడగాలి, ఊరిని అడగాలి. ఇక్కడ అడగవలసినవాడిని మనిషిగా లెక్కించకపోతే సరిపోయింది.

ఏటి పేరే మారిపోయింది

1634లో జాన్ మేసన్ అనే ఇంగ్లీషు భూస్వామి ఒప్పందం మీద పంపిన వడ్రంగులు పైడ్ కౌ అనే ఓడలో వచ్చారు. న్యూయిచవానక్ అనే చోట, ఈనాటి మెయిన్‌లోని సౌత్ బెర్విక్ దగ్గర, ఒక జలపాతం మీద రంపపు మిల్లు కట్టారు. ఆ ప్రాంతంలో తొలి మిల్లుల్లో అదొకటి. మేసన్ తన జీవితంలో ఆ నేల మీద కాలు పెట్టలేదు. ఇంగ్లండులో కాగితం మీద రాసిచ్చారు, అంతే.

1651లో రిచర్డ్ లీడర్ అనేవాడు అదే చోట ఇరవై దాకా రంపాలు ఆడే పెద్ద మిల్లు కట్టాడు. దాన్ని "గ్రేట్ వర్క్స్" అన్నారు, అంటే పెద్ద కార్ఖానా అని. తర్వాత ఆ ఏరుకే గ్రేట్ వర్క్స్ నది అని పేరు పెట్టారు. ఈనాటికీ పటాల్లో అదే పేరు. ఆలోచించండి. వేల ఏళ్లుగా తన పేరుతో పారిన ఏరు, ఇరవై రంపాల పేరు మోయవలసి వచ్చింది. మన వాగుల పేర్లు ప్రాజెక్టుల పేర్లుగా మారుతున్నప్పుడు మనకు ఏం పోతోందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. పేరు పోవడం చివరి నష్టం కాదు, మొదటి నష్టం. పేరు పోయాక హక్కు అడగడానికి నోట్లో మాట ఉండదు.

ఆ మిల్లులో పనిచేసిందెవరు? 1650 సెప్టెంబరు 3న డన్‌బార్ యుద్ధంలో క్రామ్‌వెల్ సైన్యం స్కాట్లండు సైన్యాన్ని ఓడించింది. బందీలుగా పట్టుబడినవాళ్లలో వేలమంది ఆకలితో, జబ్బులతో చచ్చిపోయారు. మిగిలినవాళ్లలో 150 మందిని యూనిటీ అనే ఓడ ఎక్కించి బోస్టన్ పంపి, ఒక్కొక్కరినీ 20 నుంచి 30 పౌండ్లకు కొన్నేళ్ల వెట్టికి అమ్మారు. వాళ్లలో కొందరు ఇనుప కార్ఖానాకు, కొందరు ఈ గ్రేట్ వర్క్స్ మిల్లుకు వచ్చారు. తమ నేల పోగొట్టుకున్న పేదవాళ్లను తెచ్చి, ఇంకొకరి నేలను కోయించారు. మేం ఆ కూలీని ద్వేషించం. మన అడవుల్లో టేకు నరికిన చేతులు కూడా చాలాసార్లు మన చేతులే. కూలి కోసం గొడ్డలి పట్టినవాడు దొంగ కాదు. గొడ్డలి ఎవరి లెక్కల పుస్తకం కోసం ఆడిందన్నదే ప్రశ్న.

ఆ లెక్కల పుస్తకం ఎక్కడికి వెళ్లిందో చూద్దాం. మిల్లు పలకలు వలసవాళ్ల ఇళ్లకే వాడి ఉంటే కథ అంత పెద్దది కాకపోను. ఇల్లు కట్టుకోవద్దని ఎవరంటారు? కానీ పలకలూ పీపాల చెక్కలూ ఓడలెక్కి వెస్టిండీస్ దీవులకు వెళ్లాయి. అక్కడ చెరకు కోసం అడవిని అప్పటికే నరికేసుకున్నారు. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన మనుషులు ఆ చెరకు నరికి, బెల్లం పాకం కాచి, ఈ చెక్కలతో చేసిన పీపాల్లో నింపారు. ఆ బెల్లం పాకం తిరిగి న్యూ ఇంగ్లండుకు వచ్చి సారా అయింది. ఆ సారా మళ్లీ మూలవాసుల గుడిసెల ముందుకు వచ్చి, బీవర్ తోలుకూ భూమి కాగితం మీద వేలిముద్రకూ బదులైంది. 1657లో స్కిటరీగసెట్ అనే పెద్దమనిషి ఈనాటి పోర్ట్‌లండ్ నగరం దగ్గరి నేలను ఫ్రాన్సిస్ స్మాల్ అనేవాడికి ఇచ్చినట్టు రాసిన కాగితంలో ధర ఏమిటో తెలుసా? ఏడాదికి ఒక కోటు, ఒక గాలన్ సారా. ఏడాదికోసారి ఇచ్చేది అంటే అది అమ్మకమా, కౌలా? రాసుకున్నవాడు అమ్మకం అన్నాడు. సంతలో ఉప్పూ బట్టా అప్పిచ్చి కొండ పొలం రాయించుకున్న షావుకార్ల కథలు మన పెద్దల నోట విన్నవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు.

పద్దు కొట్టేసిన రాత్రి

కొచీకో జలపాతం దగ్గర, ఈనాటి న్యూ హాంప్‌షైర్‌లోని డోవర్‌లో, రిచర్డ్ వాల్డ్రన్ అనే షావుకారు ఉండేవాడు. రంపపు మిల్లులూ అతనివే, సరుకుల వ్యాపారమూ అతనిదే, సైన్యంలో మేజరూ అతనే. 1676లో శాంతిని నమ్మి వచ్చిన దాదాపు 400 మంది మూలవాసులను "రండి, ఉత్తుత్తి యుద్ధం ఆడుకుందాం" అని పిలిచాడు. వాళ్ల తుపాకులు ఖాళీ కాగానే చుట్టుముట్టించాడు. అందులో 200 మందిని బోస్టన్‌కు పంపారు. కొందరిని ఉరి తీశారు. చాలామందిని బానిసలుగా సముద్రం దాటించి అమ్మారు.

పదమూడేళ్లు గడిచాయి. 1689 జూన్ చివర ఒక రాత్రి, ఇద్దరు ముగ్గురు స్త్రీలు వచ్చి కోట ఇళ్లలో పడుకుంటామన్నారు. లోపలివాళ్లు ఒప్పుకున్నారు. అర్ధరాత్రి వాళ్లు తలుపులు తీశారు. వాల్డ్రన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ అతని గుండె మీద కత్తితో గాటు పెడుతూ తమ పద్దు కొట్టేస్తున్నామన్నారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. తూకంలో తమను మోసం చేసినవాడి తక్కెడను గుర్తుచేశారనీ చెబుతారు.

రక్తాన్ని మేం పండగ చేయం. ఆ రాత్రి పిల్లలూ చనిపోయారు. కానీ ఇంగ్లీషు పుస్తకాలు ఆ రాత్రికి "ఊచకోత" అని పేరు పెట్టాయి, పదమూడేళ్ల ముందటి మోసానికి మాత్రం "ఉత్తుత్తి యుద్ధం" అన్న ఆట పేరే ఉంచాయి. తరగతి గదిలో ఒక సంగతి చెప్పి ఇంకోటి దాచితే అది చరిత్ర కాదు, వకాల్తా.

చెట్టు మీద బాణం గుర్తు

ఆ అడవుల్లో తెల్ల పైన్ చెట్టు ఉంటుంది. నిటారుగా, ఎత్తుగా, తేలిగ్గా పెరిగే చెట్టు. ఇంగ్లండు యుద్ధ ఓడల తెరచాప స్తంభాలకు అంతకు మించిన కలప లేదు. అందుకని 1691లో మాసచూసెట్స్‌కు ఇచ్చిన రాజపత్రంలో ఒక షరతు పెట్టారు. అంతకుముందు ఎవరికీ రాసివ్వని నేలలో, భూమికి 12 అంగుళాల ఎత్తున 24 అంగుళాల అడ్డుకొలత ఉన్న ప్రతి చెట్టూ రాజుది. అనుమతి లేకుండా నరికితే 100 పౌండ్ల జరిమానా. రాజు మనుషులు వచ్చి గొడ్డలితో మూడు దెబ్బలు వేసి చెట్టు మీద బాణం గుర్తు చెక్కేవాళ్లు. అది రాజముద్ర. ఆ బాణం గుర్తే తర్వాత మన దేశానికీ వచ్చింది, సర్వే రాళ్ల మీద.

మిల్లు యజమానులు ఈ చట్టాన్ని పైకి ఒప్పుకుని లోపల నవ్వుకున్నారు. పెద్ద చెట్లు నరికి, పలకలను మాత్రం 24 అంగుళాలకు మించకుండా కోసేవాళ్లు. 1772లో న్యూ హాంప్‌షైర్‌లోని వీర్ అనే ఊళ్లో రాజు చెట్లు కోశారని మిల్లుల మీద కేసు పెట్టారు. జరిమానా కట్టబోమన్నారు. ఏప్రిల్‌లో షెరీఫు పట్టుకోవడానికి వస్తే అతన్ని బెత్తాలతో చితకబాది, గుర్రాల చెవులు కోసి, తోకలు కొరిగి తరిమేశారు. శిక్ష ఏమిటి? తలా 20 షిల్లింగులు, కోర్టు ఖర్చులు. ఈ గొడవను అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి ముందు నడిచిన వీరగాథల్లో ఒకటిగా చెప్పుకుంటారు. పైన్ చెట్టును జెండా మీద వేసుకున్నారు.

ఆ చెట్టు రాజుదా, మిల్లు యజమానిదా అని కొట్టుకున్నారు. మూడోవాడు ఉన్నాడన్న మాట ఆ తగువులో ఎవరి నోటా రాలేదు. రాజు "నాది" అన్నాడు, సాహుకారు "నాది" అన్నాడు. అటవీశాఖ "రిజర్వు" అంటుంది, కాంట్రాక్టరు "కూపు" అంటాడు. మధ్యలో నిలబడ్డవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఇంకొక అంకె చెబుతాం. 1755 నవంబరులో మాసచూసెట్స్ పాలకుడు స్పెన్సర్ ఫిప్స్ పెనాబ్‌స్కాట్ జాతి మీద ప్రకటన చేశాడు. ఆ జాతి మగవాడి నెత్తి తోలు తెస్తే 40 పౌండ్లు, ఆడవాళ్లదైనా పన్నెండేళ్ల లోపు పిల్లలదైనా 20 పౌండ్లు. కాలం వేరు, నాణెం విలువ వేరు. అయినా ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టండి. ఒక దాంట్లో చెట్టును చంపితే జరిమానా. ఇంకో దాంట్లో మనిషిని చంపితే బహుమానం.

నదికి చెందిన మనిషి

సెబాగో సరస్సు నుంచి సముద్రానికి దిగే నది పేరు ప్రిసంప్‌స్కాట్. వసంతంలో సాల్మన్, షాడ్, ఏల్‌వైఫ్ చేపలు సముద్రం నుంచి ఈ నదికి ఎదురీది గుడ్లు పెట్టడానికి ఎగువకు వెళ్లేవి. చలికాలం తినడానికి లేక చిక్కిపోయిన ఊళ్లకు ఆ చేపే మొదటి కూడు.

1730లలో కర్నల్ థామస్ వెస్ట్‌బ్రూక్ ఈ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాడు. అతను రాజు తెరచాప స్తంభాల ఏజెంటు, మిల్లుల యజమాని. ఆనకట్టలో చేపకు దారి వదల్లేదు. మిల్లు పొట్టు నీళ్లలో కలిసి, చేప గుడ్లు పెట్టే గులకరాళ్ల మీద పేరుకుంటుంది. చేప ఆగిపోయింది.

1739లో ఆ నది ఒడ్డు జనానికి పెద్ద అయిన పోలిన్ అనే ఆయన నడుచుకుంటూ బోస్టన్ వెళ్లి గవర్నర్ బెల్చర్‌ను కలిశాడు. ఆయన అన్న మాట కాగితం మీద మిగిలింది. "నా నది" అని ఆయన అనలేదు. తాను ఏ నదికి చెందినవాడో ఆ నది గురించి చెప్పడానికి వచ్చానన్నాడు. దాన్ని కట్టేశారు, మా తిండి అయిన చేప పైకి రావడం లేదు, దారి వదలండి అని అడిగాడు. మిత్రులారా, భూమి హక్కు గురించి లండన్‌లో, బోస్టన్‌లో వాళ్లు రాసిన పుస్తకాలన్నీ ఒక పక్క పెట్టి, ఈ ఒక్క మాటను ఇంకో పక్క పెట్టండి. మనిషి నదికి చెందుతాడు. దీన్ని అర్థం చేసుకోవడానికి మన కొండల్లో ఏ అవ్వకూ చదువు అక్కర్లేదు.

గవర్నరు మర్యాదగానే విన్నాడు. చేపల రుతువులో దారి వదలమని వెస్ట్‌బ్రూక్‌కు చెబుతామన్నాడు. ఆ ఆదేశం అమలు కాలేదు. అర్జీ ఇచ్చారు, హామీ వచ్చింది, అమలు లేదు. ఈ మూడు మెట్ల నిచ్చెన మనకు బాగా తెలుసు. కాగితం దారి మూసుకుపోయాక పోలిన్ జనం కత్తి దారి పట్టారు. 1756లో, ఈనాటి విండమ్ అనే చోట జరిగిన పోరులో పోలిన్ చనిపోయాడు. స్థానిక చరిత్రల్లో ఆయన చాలాకాలం దాడి చేసి చచ్చినవాడిగానే ఉన్నాడు. పదిహేడేళ్ల ముందు ఆయన అర్జీ పట్టుకుని నడిచిన దారిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆ నది ఒడ్డున ఈనాడు ఒక ఊరు ఉంది. దాని పేరు పోలిన్ కాదు, వెస్ట్‌బ్రూక్.

ఉపాధ్యాయులకు ఇంకొక సంగతి ముఖ్యంగా చెప్పాలి. ఇదే వెస్ట్‌బ్రూక్ 1722 చలికాలంలో సైన్యంతో నారిడ్జ్‌వాక్ అనే అబెనకి ఊరి మీదికి వెళ్లాడు. అక్కడ సెబాస్టియన్ రాల్ అనే ఫ్రెంచి మతగురువు ఏళ్ల తరబడి ఊరివాళ్ల దగ్గర నేర్చుకుని రాసుకున్న అబెనకి భాష నిఘంటువు దొరికింది. దాన్ని పట్టుకుపోయారు. అది ఇప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. 1833లో అచ్చయింది. ఊరును రెండేళ్ల తర్వాత, 1724లో, ఇంగ్లీషు సైన్యం నాశనం చేసింది. చెట్టు నరికించినవాడూ, నది కట్టించినవాడూ, భాష పుస్తకం ఎత్తుకుపోయినవాడూ ఒక్కడే మనిషి. ఇవి మూడు వేర్వేరు పనులని మనం అనుకోకూడదు. చెట్ల పేర్లూ, చేపల పేర్లూ, నీటి మలుపుల పేర్లూ ఉన్న పుస్తకం అది. మనుషులు ఉండవలసిన చోట మిల్లు, పుస్తకం ఉండవలసిన చోట బూడిద మిగిలింది.

"మరి మీకు పలకలు వద్దా?"

వద్దనం. మేం ఈ వ్యాసం రాస్తున్న బల్ల కూడా ఏదో మిల్లులో కోసిందే. యంత్రం పనికిమాలినది అనడం తేలిక, తప్పు కూడా. ఆదివాసి అంటే యంత్రం చూస్తే పారిపోయేవాడు అన్న బొమ్మను మనమే గీసి ఇవ్వకూడదు. వబనాకివాళ్లు ఇనుప గొడ్డలి తీసుకున్నారు, తుపాకీ తీసుకున్నారు, బాగా వాడారు.

పోలిన్ ఏం అడిగాడో మళ్లీ చూడండి. మిల్లు తీసేయమన్నది కాదు మొదటి మాట. చేపకు దారి వదలమన్నాడు. ఏడాదిలో కొన్ని వారాలు, ఆనకట్టలో ఒక ఖాళీ. అంతమాత్రం వదిలినా మిల్లు ఆగదు. లాభం కాస్త తగ్గుతుంది. ఆ కాస్త కూడా వదలలేకపోవడమే వాళ్లు చెప్పే ప్రగతి అసలు రూపం. కాబట్టి మన వాదన "యంత్రమా, అడవా" అని కాదు. "ఎవరిని అడిగి కట్టారు? ఎవరికి దారి వదిలారు? ఎవరి ఇంటికి లాభం వెళ్లింది?" ఈ మూడు ప్రశ్నలు. ఇవి అడిగితే ఎదుటివాడు "మీరు అభివృద్ధికి వ్యతిరేకులు" అంటాడు. అనగానే మనం తడబడకూడదు. జవాబు లేనివాడే ఆ మాట అంటాడు.

మన నీళ్లలో ఆ చేప

ఆ షాడ్ చేప మనకు చుట్టమే. గోదావరికి ఎదురీదే పులస అదే కుటుంబానికి చెందింది. అదీ సముద్రంలో బతికి, వరద నీటి వాసన పట్టి, గుడ్ల కోసం నదిలోకి ఎక్కుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టింది, ఆ సంగతి కాదనం. కానీ పులస ప్రయాణం ఈనాటికీ ఆ గోడ దగ్గర ఆగుతుంది. ఆ చేపకు వేలల్లో ధర పలుకుతుందని పత్రికలు ఏటా రాస్తాయి. ఎగువ ఒడ్డుకు అది ఎందుకు రాదో ఎవరూ రాయరు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన పోడు, మన కట్టె, మన మేత ఒక్క కాగితంతో నేరాలయ్యాయి. 1879లో రంప కొండలు ఎందుకు మండాయో, 1922లో మళ్లీ ఎందుకు మండాయో, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ఎందుకు నేలకొరిగాడో మన పిల్లలకు తెలుసు. వాటిని విడివిడి తిరుగుబాట్లుగా చదువుతున్నాం. 1689 డోవర్‌తో, 1739 బోస్టన్ అర్జీతో కలిపి చదివితే అది ఒకే పెద్ద తగువులో భాగమని తెలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే మనకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. ఒప్పుకున్న అన్యాయాన్ని కూడా ఇంకా అర్జీలు పెట్టి అడుక్కోవలసి రావడమే మన స్థితి. పోలవరం కింద మునిగే కోయ, కొండరెడ్డి ఊళ్లను అడిగితే అర్జీకీ హామీకీ మధ్య దూరం ఎంతో చెబుతారు.

గోడలు శాశ్వతం కాదు

ఇక్కడితో ఆపితే ఇది ఏడుపు పాట అవుతుంది. అలా ఆపం, ఎందుకంటే కథ అక్కడ ఆగలేదు. ప్రిసంప్‌స్కాట్ నది కింది భాగంలో ఉన్న స్మెల్ట్ హిల్ ఆనకట్టను 2002లో తీసేశారు. 2019లో వెస్ట్‌బ్రూక్ ఊళ్లోనే, సాకరపా జలపాతం దగ్గరి ఆనకట్టను తీసేశారు. పోలిన్ అడిగిన దారి, అడిగిన 280 ఏళ్లకు, అడ్డుకున్నవాడి పేరు పెట్టుకున్న ఊళ్లోనే తెరుచుకుంది. పెనాబ్‌స్కాట్ నది మీద 2012లో గ్రేట్ వర్క్స్ అనే ఆనకట్ట (పేరు అదే, నది వేరు), 2013లో వీజీ ఆనకట్ట కూలాయి. ఆ పని వెనక పెనాబ్‌స్కాట్ జాతి స్వయంగా నిలబడింది. ఏల్‌వైఫ్ చేపలు లక్షల్లో తిరిగి వచ్చాయి. ఆ జాతి ఇంకా ఉంది. తన దీవి మీద, తన నది మధ్యలో, తన భాష పిల్లలకు నేర్పుకుంటూ ఉంది. నెత్తి తోళ్లకు ధర కట్టిన ప్రభుత్వం ఇప్పుడు లేదు.

280 ఏళ్లు ఎక్కువే. మన పిల్లలు అంతకాలం ఆగలేరు. అందుకే ఇప్పుడే మొదలుపెట్టవలసిన పనులు కొన్ని చెబుతున్నాం.

ఉపాధ్యాయ మిత్రులారా, "వలసవాళ్లు అడవిని జయించారు" అన్న వాక్యం పాఠంలో వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. అంతకుముందు ఆ అడవిలో ఎవరున్నారని పిల్లలను అడగండి. నల్లబల్ల మీద ఒక ఏరు గీయండి. ఏటి మీద మిల్లు గీయండి. ఎగువన ఎవరు, దిగువన ఎవరు, నీళ్లలో ఎవరు అని అడిగి పేర్లు రాయించండి. చేప పేరు కూడా రాయించండి. ఆ ఒక్క బొమ్మ మూడు పాఠాల పని చేస్తుంది.

యువ మిత్రులారా, మీ ఊరి వాగు పేరు మీ భాషలో ఏమిటో మీ అవ్వను అడగండి. వాగు ఒక్కటే కాదు, దాని ప్రతి మలుపుకూ, ప్రతి మడుగుకూ, ప్రతి బండకూ పేరుంటుంది. ఏ చేప ఏ నెలలో ఎక్కుతుందో, ఏ చెట్టు దేనికి వాడతామో, ఏ చోట ఎవరి పోడు ఉండేదో నోటుబుక్కులో రాయండి. తెలుగు లిపిలోనే రాయండి, లిపి అడ్డం కాదు. రాసింది గ్రామసభ తీర్మానానికి జతచేయండి. అటవీ హక్కుల దరఖాస్తులో పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. అబెనకివాళ్ల నిఘంటువు ఇంకొకరు రాస్తే ఇంకొకరు ఎత్తుకుపోయారు. మన నిఘంటువు మనం రాసుకుంటే మన దగ్గరే ఉంటుంది.

వాగు ఊరికే పారదు. అడవి ఊరికే పడి ఉండదు. ఈ సంగతి మనకు తెలుసు. తెలిసినవాళ్లం కాగితం మీద పెట్టకపోతే, తెలియనివాడు వచ్చి పెడతాడు.